పాత బండియా, పాత రూపుగల క్రొత్త బండియా?

సికింద్రాబాదు రైలు స్టేషనులో దిగి వెలుపలికి వచ్చిన వారికి కూతవేటు దూరములో రెజిమెంటల్ బజారు అను పేట యొకటి కలదు. రెజిమెంటు అనగా పటాలము. 1798లో నిజాము ప్రభువునకును ఇంగ్లీషు కంపెనీకిని కుదిరిన ఒడంబడిక ననుసరించి కంపెనీ సేనలు ఈ ప్రాంతమున దండు విడిసినవి. 1806లో మూడవ నిజామగు సికందర్ జా పేర ఆ దండు ఊరికి సికింద్రాబాదని నామకరణము జరిగినది. పటాలములున్న చోట వానికి కావలసిన ధాన్యము, తోలు, గుడ్డ, గుఱ్ఱపు నాడాలు అమ్మెడి అంగళ్ళు వెలయుట సహజమే కదా. నాటి పటాలములు ఎన్నడో కదలిపోయినవి. వాని పేరు మాత్రము బజారును పట్టుకొని యున్నది. అసలు వస్తువు పోయి దాని పేరును రూపమును మిగులుట యను సంగతినే నేనీనాడు ప్రస్తావింపబోవుచున్నాను గనుక, ఈ పేట పేరుతో మొదలుపెట్టుట తగునని తోచినది.

ఈ బజారులోని ఒక ఇఱుకు సందులో మోటారు సైకిళ్ళు మరమ్మతు చేయు షెడ్డు ఒకటి కలదు. దాని యజమాని డెబ్బది యేండ్ల వృద్ధుడు. పని నేర్చుకొను పిల్లవాడు మొదలు పోలీసు అధికారి వఱకు అందఱును అతనిని ఉస్తాద్ అనియే పిలుతురు. ఆదివారము ఉదయమున ఆ షెడ్డు ముందఱ రెండు పక్షములవారు చేరుదురు. నలువది, ఏబది యేండ్ల నాటి బుల్లెట్టు బండ్ల నెక్కి వచ్చువారు ఒక పక్షము. ఆ పాత బుల్లెట్టు రూపుతోనే 2009 తరువాత వచ్చిన క్లాసిక్ అను క్రొత్త బండ్ల నెక్కి వచ్చువారు రెండవ పక్షము. చాయ త్రాగుచు వీరు చేయు వాదము వినుట నాకు చిరకాలపు అలవాటు. “మీది వేషము, మాది నిజము” అని మొదటివారందురు. “మీది నిజమే కావచ్చును, కాని ఇల్లు చేరునో చేరదో ఎవ్వరును చెప్పలేరు. మాది చేరును” అని రెండవవారందురు. ఉస్తాదు మాట్లాడడు. అతనికి ఇరువురును బేరమే.

పైకి ఇది తీరిక గల పట్నపు కుఱ్ఱవారి వినోదమువలె కనబడును. కాని పల్లెలలోని పెద్దలకు దీనితో సంబంధము లేకపోలేదు. మీలో ననేకుల యిండ్లలో, పశువుల కొట్టములోనో గాదె వెనుకనో, గోనెపట్టా కప్పుకొని పాత బుల్లెట్టో జావాయో ఒకటి నిలిచియుండును. దానిని వెదకుచు పట్నమునుండి మనుష్యులు వచ్చుచున్నారు. ఒకడు తూకము లెక్కన ఇనుము ధర ఇత్తుననును. మఱునాడు మఱియొకడు వచ్చి దానికి పదింతలు ఇత్తుననును. ఇంతలో ఇంటిలోని మనుమడు, “తాతా, ఆ తుప్పు అమ్మివేసి అదే రూపున నున్న క్రొత్తది కొనిపెట్టుము” అని పట్టుబట్టును. అమ్మవలెనా, ఉంచవలెనా, ఉంచినచో ఏమి చిక్కులు అను ప్రశ్నలు మీ గుమ్మము ముందఱనే యున్నవి.

బుల్లెట్టు చప్పుడు ఎఱుగని గ్రామము మన సీమలో అరుదు. పొలిమేరలో ఆ డుగుడుగు ధ్వని వినబడగానే సబిన్‌స్పెక్టరుగారు వచ్చుచున్నారని పేకాటవారు గోడ దూకి పోయిన దినములు మీకు జ్ఞాపకముండును. ఆ బండి పుట్టిల్లు ఇంగ్లండులోని రెడిచ్ అను పట్టణము. ఆ కంపెనీవారు మొదట సైకిళ్ళును, ఎన్‌ఫీల్డు అను చోటనున్న ప్రభుత్వ తుపాకుల కర్మాగారమునకు కావలసిన భాగములును చేసెడివారు. రాయల్ ఎన్‌ఫీల్డు అను పేరును, ఫిరంగి గుఱుతును అట్లు వచ్చినవే. 1901లో వారు మొదటి మోటారు సైకిలు చేసిరి. 1932లో తమ బండ్లలో నొకదానికి బుల్లెట్టు, అనగా తుపాకి గుండు, అని పేరు పెట్టిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట సరిహద్దులు కాచు మన సైన్యమునకు గట్టి బండ్లు కావలసివచ్చెను. 1950 దశకపు తొలి భాగమున ప్రభుత్వమువారు 350 సీసీ బుల్లెట్లు ఎనిమిది వందలు తెప్పించిరి. 1955లో మదరాసు మోటార్సు వారును రెడిచ్ వారును కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా అను సంస్థను నెలకొల్పిరి. మదరాసు చెంత తిరువొత్తియూరులో కర్మాగారము వెలసినది. మొదట ఇంగ్లండునుండి వచ్చిన భాగములను ఇచ్చట బిగించుట మాత్రమే జరిగెడిది. కొలది యేండ్లలోనే భాగములన్నియు ఇచ్చటనే తయారగుట మొదలైనది.

ఇచ్చట ఒక వింత కలదు. 1970 ప్రాంతమున ఇంగ్లండులోని కంపెనీ మూతపడినది. తల్లి గతించినను పుట్టింటి ఆచారము విడువని కూతురివలె, మదరాసు కర్మాగారము మాత్రము ఆ 1955 నాటి బండినే, స్వల్పమైన మార్పులతో, ఏండ్ల తరబడి చేయుచు వచ్చెను. ఇతర దేశములలో నాటి బండ్లన్నియు పాతబడి ప్రదర్శనశాలలకు చేఱినవి. మన బుల్లెట్టుకు పాతబడు అవకాశమే దొరకలేదు. పాతది అనుటకు ప్రక్కన క్రొత్తది ఒకటి ఉండవలెను కదా. చివరకు ఇంగ్లండువారే తమ పాత బండిని క్రొత్తగా కొనుక్కొనుటకు మదరాసువైపు చూడవలసి వచ్చినది. 1994లో ఐషర్ సంస్థ దీనిని తనలో చేర్చుకొనెను. అప్పటికి తేలికయై, తక్కువ పెట్రోలు త్రాగెడి జపాను రీతి బండ్లు దేశమంతట వ్యాపించినవి. బుల్లెట్టు కొనువారు తగ్గిరి. 2000 ప్రాంతమున ఈ బండ్ల తయారీని మానివేయుదమా యను ఆలోచన కూడ యజమానులకు కలిగినది. నాడు అది మూతపడి యుండినచో నేటి తగవే లేకపోవును.

ఆ పాత ఇంజను ఎట్టిదో కొంచెము చెప్పవలెను. ఇది తెలియనిచో రెండు పక్షముల మాటయు అర్థము కాదు. దాని సిలిండరు పోతయినుముతో చేసినది. వెడల్పు 70 మిల్లీమీటర్లు, లోపలి పిస్టను పైకి క్రిందికి తిరుగాడు దూరము 90 మిల్లీమీటర్లు. అనగా వెడల్పుకంటె పొడవు ఎక్కువ. దీనికి తోడుగా బరువైన చక్రమొకటి లోపల తిరుగుచుండును. మన ఊళ్ళలో పాతకాలపు పిండిమర ఇంజనును చూచినవారికి ఈ సంగతి వెంటనే బోధపడును. చక్రము బరువైనకొలది నిదానముగా తిరుగును. నిదానముగా తిరిగినను ఆగిపోదు. అందుచేతనే ఆ డుగుడుగు మనుట లెక్కపెట్టుటకు వీలగునంత తెఱపిగా నుండును. ఇంజను వేఱు, గేర్ల పెట్టె వేఱు. గేరు కుడికాలితో వేయవలెను. వెనుక బ్రేకు ఎడమకాలి క్రింద నుండును. ఇతర బండ్లకు అలవాటు పడినవాడు దీని నెక్కినచో బ్రేకు అనుకొని గేరు త్రొక్కుట నేను కన్నులార చూచితిని. అతడు మురికికాలువలో పడెనే కాని దెబ్బ తగులలేదు.

దానిని మేల్కొల్పుట ఒక విద్య. దీపము పైభాగమున చిన్న గడియారమువంటి అమీటరు కలదు. దాని ముల్లు ఎడమకు వాలియుండగా కాలితో ఎంత తన్నినను ఇంజను పలుకదు. ఎడమచేతి ప్రక్కనున్న చిన్న మీటను నొక్కినచో సిలిండరులోని గాలి బిగువు సడలును. మీట నొక్కి, తన్నుడు కడ్డీని మెల్లగా దింపుచు, ముల్లు నడుమకు వచ్చునట్లు చేయవలెను. పిమ్మట మీట విడిచి, ఒక్కపెట్టున పూర్తిగా తన్నవలెను. తొందరపడి సగము తన్నినయెడల అది ఎదురు తన్నును. బుల్లెట్టు ఎదురుతన్నుకు చీలమండ వాచినవారు ప్రతి తాలూకాలోను కొందఱుందురు. నూనె కాఱుట దీని సహజగుణము. “నూనె కాఱుట లేదనిన లోపల నూనె లేదని అర్థము” అని ఉస్తాదు నవ్వుచు చెప్పును.

2009లో మన దేశమున విడుదలయిన క్లాసిక్ అను బండి వేఱొక రీతిగా చేయబడినది. చూచుటకు అది రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మటి యేండ్లలో రెడిచ్‌లో చేసిన బండ్లవలె నుండును. కన్నీటిబొట్టువంటి పెట్రోలు టాంకు, స్ప్రింగులు గల ఒంటి ఆసనము, దీపమునకు ఇరువైపుల పులికండ్లవంటి చిన్నదీపములు. లోపల మాత్రము ఇంజనును గేర్ల పెట్టెయు ఒకే పోతలో నున్నవి. గేరు ఎడమవైపునకు మాఱెను. అమీటరు ముల్లుతో పని లేదు, గుండీ నొక్కినచో చాలును. పొగ విషయమున ప్రభుత్వము విధించిన నిబంధనలు బిగిసిన కొలదిని పాత పోతయినుప ఇంజను నిలువలేకపోయినది. 2010 ప్రాంతమున దాని తయారీ మానివేసిరి. 2021లో క్లాసిక్ బండికి 349 సీసీ ఇంజను మఱియొకటి వచ్చినది. ఇందులో అదురును చంపుటకు తిరుగుడు కడ్డీ యొకటి ప్రత్యేకముగా అమర్చిరి. 2023లో బుల్లెట్టు అను పేరుగల బండికిని ఆ ఇంజనే పెట్టిరి. బలమున భేదము స్వల్పము. పాతదానికి పదునెనిమిది గుఱ్ఱముల బలము, క్రొత్తదానికి ఇరువది.

పాత పక్షమువారి దుఃఖమంతయు ఆ అదురును చంపిన కడ్డీ మీదనే. “అదురు లేని బుల్లెట్టు బుల్లెట్టా?” అందురు. క్రొత్తవారు, “అదురువలన నట్లు ఊడి, దీపము మాడి, నడుము నొచ్చుటను మీరు భోగమనుచున్నారా?” అని అడుగుదురు. ఇందులో ఎవ్వరి మాటయు అబద్ధము కాదు. 125 సీసీకి మించిన బండ్లన్నిటికిని చక్రము పట్టుబడి జాఱకుండ ఆపెడి బ్రేకులుండవలెనని 2019 ఏప్రిలునుండి చట్టము అమలులో నున్నది. పాత బుల్లెట్టు బ్రేకు అట్టిది కాదు. దానిని ఆపదలచినవాడు ముందుగనే ఆలోచించుకొని యుండవలెను. ఈనాటి రహదారులపై లారీ హఠాత్తుగా నిలిచినప్పుడు ఆలోచనకు వ్యవధి యెక్కడిది? ఈ ఒక్క విషయమున నేను క్రొత్త పక్షమే. పిల్లవానిని కాలేజీకి పంపు తండ్రి పాత బండిమీద పంపరాదు.

ఈ తగవు మన యొక్కరిదే కాదు. అమెరికా దేశమున 1964లో ఫోర్డు కంపెనీవారు ముస్టాంగు అను కారును విడుదల చేసిరి. ఆ కాలమున అచ్చట పెద్ద ఇంజను, చిన్న దేహము గల కార్లపై యువకులకు మోజు మిక్కుటము. కండలు తిరిగిన కార్లని వానికి పేరు వచ్చినది. 1973లో పెట్రోలు కఱవు రాగా ఆ మోజు చల్లారెను. మఱల 2005 నాటి ముస్టాంగును పాత ముస్టాంగు ముఖముతోనే చేసిరి. 2008లో డాడ్జివారి ఛాలెంజరును, పిమ్మట షెవ్రొలేవారి కమేరోయు అట్లే తాతల ముఖములతో తిరిగివచ్చినవి. అచ్చటి పాతకార్ల పోషకులు ఈ క్రొత్తవానిని చూచి, “ఇవి లావెక్కిన మనుమలు” అని ఎగతాళి చేయుదురు. క్రొత్తవి కొన్నవారు, “మీది వర్షము వచ్చిన దినమున గ్యారేజి దాటదు” అందురు. భాష మాఱినది కాని, మాట మన రెజిమెంటల్ బజారులోనిదే. అయితే ఒక భేదము కలదు. అమెరికాలో పాతకారును పెంచుట ధనికుని వ్యసనము. మన గ్రామములలోని పాత బండి వ్యసనముగా కొన్నది కాదు. పొలమునకు ఎరువు మూట, సంతకు కూరగాయల గంప, ఆస్పత్రికి నిండుచూలాలును మోసినది. దానిని తూచుటకు ఇనుపవాని త్రాసు చాలదు.

జావా కథ మఱియొక విధము. ఆ కంపెనీ ప్రాగు నగరమున యానెచెక్ అను నతడు 1929లో స్థాపించినది. అతని పేరులోని మొదటి అక్షరములును, అతడు కొన్న వాండరర్ అను బండి పేరులోని మొదటి అక్షరములును కలిసి జావా అయినది. మైసూరులో ఐడియల్ జావా కర్మాగారము 1960 ప్రాంతమున మొదలైనది. 1970 దశకమున ఆ బండికి యెజ్డీ అని పేరు మాఱినది. పెట్రోలులో నూనె కలిపి పోయవలెను. రెండు గొట్టములనుండి నీలిపొగ వచ్చును. గేరు వేయు కడ్డీయే ప్రక్కకు త్రిప్పినచో తన్నుడు కడ్డీ యగుట దానిలోని చమత్కారము. 1996లో కర్మాగారము మూతపడినది. ఇరువది రెండేండ్లకు, 2018లో, క్లాసిక్ లెజెండ్సు అను మఱియొక సంస్థవారు జావా పేరుతో, ఆ రూపుతో, క్రొత్త బండి తెచ్చిరి. 2022లో యెజ్డీ పేరును మఱల వాడుకలోనికి తెచ్చిరి. ఇంజను మాత్రము బొత్తిగా వేఱు. పెట్రోలులో నూనె కలుపు పని లేదు, నీలిపొగ లేదు.

మన ఆచారములో తాత పేరు మనుమనికి పెట్టుదురు. మనుమనికి తాత ముక్కును తాత నడకయు రావచ్చును. ఎవ్వరును అతనిని తాత అని భ్రమపడరు; వేషధారి యనియు నిందింపరు. క్రొత్త బుల్లెట్టు నాకు అట్టి మనుమనివలె కనబడును. ఒకే యింటిలో, ఆపక సాగిన వంశమది. క్రొత్త జావా దత్తపుత్రుడు. ఇంటిపేరు న్యాయముగనే వచ్చినది, ఆస్తికి హక్కును కలదు. అయినను పెద్ద పండుగనాడు ఇరుగుపొరుగువారు ఒక మాట అనకమానరు. ఉస్తాదుతో ఈ పోలిక చెప్పినప్పుడు అతడు స్పానరు క్రింద పెట్టి, “దత్తపుత్రుడు తల్లిదండ్రులకు అన్నము పెట్టునా లేదా, అది చెప్పండి” అనెను. నేను బదులు చెప్పలేకపోతిని. మా బజారులోని జావా మెకానికులకు క్రొత్త జావా రాకవలన అన్నము పెద్దగా పుట్టలేదు. క్రొత్త బండిని విప్పుటకు కంపెనీవారి కంప్యూటరు కావలెను. చెవితో విని రోగము చెప్పెడి మనుష్యుని అవసరము దానికి లేదు.

ఈ సంగతి వాదించువారెవ్వరును తలపెట్టరు గనుక నేను కొంచెము నిలిచి చెప్పెదను. పాత బండి బ్రతుకుట పాత భాగములపై ఆధారపడును. భాగములు దొరకుట వానిని చేయువారిపై, అమర్చువారిపై ఆధారపడును. రాణీగంజి దుకాణములలో నేటికిని పోతయినుప బుల్లెట్టుకు పిస్టను, వాల్వు, కార్బురేటరు జెట్టు దొరకును. కొన్ని భాగములు అసలైనవి, కొన్ని నకలువి. చేతితో పట్టి చూచి ఏది యేదో చెప్పగల వారు ముసలివారైరి. వారి పిల్లలు ఆ పని నేర్వలేదు. నేర్వవలెనని నేను వారికి చెప్పలేను. ఉస్తాదు కుమారుడు ఒక విమానాశ్రయమున ఉద్యోగము చేయుచున్నాడు. ఉస్తాదు స్వయముగా ఇంటినుండి షెడ్డుకు వచ్చునది చిన్న గేరులేని స్కూటరుమీద. ఎందుకని అడిగిన, “నాకు పనికి వేళకు రావలెను కదా” అనెను.

పాతదానిని ఉంచుట యనగా చెక్కు చెదరకుండ దాచుటయే యని కొందఱి తలంపు. చౌమహల్లా ప్యాలెసులో పసుపువన్నె రోల్సు రాయిసు కారు ఒకటి కలదు. ఆఱవ నిజామగు మహబూబ్ అలీ ఖాన్‌గారి కొఱకు దానిని చేయించిరి. అది వచ్చునప్పటికి, 1911లోనే, ప్రభువు గతించెను. లోపల సింహాసనమువంటి ఆసనమున్న ఆ కారు మిక్కిలి తక్కువగా తిరిగినది. అందుచేతనే నేటికిని నవనవలాడుచున్నది. చూడముచ్చటయే. కాని తిరుగకపోవుట వలన మిగిలిన బండికిని, తిరిగి తిరిగి మిగిలిన బండికిని భేదము లేదా? మన కొట్టములోని బుల్లెట్టు రెండవ జాతిది. దానిపై గీతలును, సొట్టయు, టాంకుమీద పిల్లవాడు గీసిన అక్షరములును చెఱిపి, మెఱుగుపెట్టి, దుకాణములో పెట్టినప్పుడు అది మఱల వేషమే యగును. కొందఱు క్రొత్త భాగములతో పాత బండిని నఖశిఖపర్యంతము పునర్నిర్మించి, ‘అసలైన పాతది’ అని అమ్ముచున్నారు. పాత రూపుతో క్రొత్తది చేసిన కంపెనీవాడు, ఇది క్రొత్తదని చెప్పియే అమ్ముచున్నాడు. ఆ మాత్రపు నిజాయతీ వీరికి లేకపోవుట వింత.

ఇటీవల ఒక పటేలుగారు సిద్దిపేట వైపునుండి డీసీఎం వ్యానులో తమ తండ్రిగారి బుల్లెట్టును ఆ షెడ్డుకు తెచ్చిరి. 1974లో కొన్నది. తండ్రి గతించి ఇరువదియేండ్లు. ఇంజను బిగిసిపోయినది. వెంట మనుమడు, ఇంజనీరింగు చదువుచున్న వాడు, వచ్చెను. బండిని దింపుచుండగనే అచ్చటనున్న క్లాసిక్ యువకు డొకడు చుట్టు తిరిగి చూచి, లోపలి జేబునుండి సంచి తీసినంత వేగముగా ధర చెప్పెను. మనుమని ముఖము వికసించినది. ఆ సొమ్మునకు ఇంకొంత చేర్చిన క్రొత్త క్లాసిక్ వచ్చును. పటేలుగారు మాట్లాడలేదు.

ఉస్తాదు బండి వైపు చూడకయే, “పటేల్ సాబ్, కాగితమెక్కడ?” అనెను.

కాగితము కలదు, చెదలు ఒక మూల తినివేసినవి. అది తండ్రిగారి పేరనే యున్నది. అమ్మజూపువారందఱు ఇచ్చట చెవి యొగ్గవలెను. బండి యజమాని గతించినచో వారసులు 31వ నంబరు ఫారముతో తమ పేరిట మార్పించుకొనవలెను. ఆ పిమ్మట అమ్మదలచినయెడల 29, 30 నంబరు ఫారములపై సంతకములు చేసి కొన్నవాని పేరిట మార్పు జరిపింపవలెను. “నమ్మకమున్నది, తరువాత చూచుకొందము” అని తాళము ఇచ్చి పంపరాదు. కొన్నవాడు దారిలో ఎవ్వరినైన గ్రుద్దినచో, రిజిస్ట్రేషను పుస్తకములో ఎవ్వరి పేరున్నదో వారే నష్టపరిహారమునకు బాధ్యులని సుప్రీం కోర్టువారు 2018లో స్పష్టముగా తీర్పు చెప్పిరి. బండి అమ్మి పదిమంది చేతులు మాఱినను పుస్తకములో పేరు మాఱనిచో బాధ్యత మాఱదు. బండి పోయిన యేడెనిమిదేండ్లకు కోర్టు నోటీసు వచ్చి, ఎకరము పొలము అమ్ముకొనవలసిన స్థితి ఎవ్వరికిని రాకూడదు.

ఉంచుకొని తిప్పదలచినవారికిని నియమములు కలవు. మొదటి రిజిస్ట్రేషను పదునైదేండ్లకు తీఱును. ఆ పిమ్మట ఐదేసి యేండ్లకు పునరుద్ధరింపవలెను. మోటారు సైకిలుకు ఆ రుసుమును 2022 ఏప్రిలులో మున్నూఱు రూపాయలనుండి వేయి రూపాయలకు పెంచిరి. తరువాత ఇరువదియేండ్లు దాటినవానికి ఇంకను పెంచిరి. ఇంకొక దారి కలదు. మొదటి రిజిస్ట్రేషనునుండి ఏబది యేండ్లు దాటి, మూలరూపము చెడని బండ్లను పురాతన వాహనములుగా నమోదు చేయుటకు 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము నియమములు తెచ్చినది. మొదటిసారి ఇరువది వేల రూపాయలు, పదియేండ్ల తరువాత పునరుద్ధరణకు ఐదువేలు. కాని అట్లు నమోదైన బండిని నిత్యము తిప్పరాదు. ప్రదర్శనలకు, ఊరేగింపు పందెములకు, మరమ్మతుకు, పెట్రోలుకు మాత్రమే రోడ్డెక్కవలెను. పొలమునకు పోవు రైతుకు ఇది పనికిరాదు. పట్నపు పోషకునికి పనికివచ్చును. చట్టము చేసినవారు కొట్టములోని బండిని తలచినట్లు లేదు.

ఉస్తాదు ప్లగ్గు విప్పి, సిలిండరులో డీజిలు పోసి నాలుగు దినములు విడిచెను. ఐదవనాడు పిస్టను కదలినది. కార్బురేటరు కడిగి, పాయింట్లు రుద్ది, ఆఱు వోల్టుల బ్యాటరీ క్రొత్తది పెట్టెను. పటేలుగారికి కబురు వెళ్ళినది, మనుమనితో వచ్చిరి. మొదట మనుమడు తన్నెను. రెండుమాఱులు పలుకలేదు. మూడవమాఱు ఎదురు తన్నగా వాడు కుంటుచు గట్టుమీద కూర్చుండెను. డెబ్బదిరెండేండ్ల పటేలుగారు చెప్పులు సరిచేసికొని ముందుకు వచ్చిరి. బండిమీద చేయి పెట్టి ఇరువదియేండ్లయినను, ఎడమచేతి వ్రేలు వెదకకుండనే మీటపైకి పోయినది. ముల్లు నడుమకు వచ్చువఱకు కడ్డీని దింపి, మీట విడిచి, ఒక్క తన్ను తన్నిరి. ఇంజను పలికినది. సందులోని పావురములు లేచిపోయినవి. ఎదుటి మేడమీద బట్టలు ఆరవేయుచున్న ఇల్లాలు వంగి చూచెను. ధర చెప్పిన క్లాసిక్ యువకుడు తన బండి తాళపుచెవిని జేబులో వేసికొని ఏమియు అనక నిలువబడెను.

కొంతసేపటికి మనుమడు కుంటుచు దగ్గఱకు వచ్చి, “తాతా, ఆ మీట ఎప్పుడు విడువవలెను?” అని యడిగెను.

పటేలుగారు ఆనాడు అమ్మలేదు. అమ్మనని యనలేదు కూడ. ఇంటిలో అక్కచెల్లెండ్రు వారసులుగా నున్నారు, వారితో మాట్లాడవలెననిరి. మనుమనికి క్రొత్తది కొనుట ఉగాదికి చూతమనిరి. కొన్నచో బ్రేకులు మంచివని ఉస్తాదే సలహా యిచ్చెను. పేరు మార్పు కాగితములు ఇప్పుడు కచేరీలో నున్నవి. అవి వచ్చువఱకు బండి రోడ్డెక్కరాదు గనుక రెజిమెంటల్ బజారు షెడ్డులోనే, గోడకు ఆనించి, గోనెపట్టా కప్పబడి యున్నది. ప్రతి ఆదివారము ఉదయమున, రెండు పక్షములవారు చాయకు చేరకముందే, ఉస్తాదు పట్టా తీసి, ముల్లు చూచి, ఒక్కమాఱు తన్ని, ఐదు నిమిషములు మ్రోగనిచ్చి ఆపివేయుచున్నాడు. క్రింద కాఱిన నూనెకు ఒక పాత పళ్ళెము పెట్టినాడు.